పంతులుగారి షెవ్రోలే బండి

మోటారుబండి నడపువారికి రెండు చేతులును రెండు కాళ్లును ఉండునని యెంచియే పూర్వపు యంత్రకారులు బండ్లు చేసిరి. కుడికాలు వేగమునకును బ్రేకునకును చెల్లును. ఎడమకాలికి ఒక్కటే పని, క్లచ్చి త్రొక్కుట. ఇంజను తిరుగుచుండగనే దానికిని చక్రములకును గల సంబంధమును ఒక్కక్షణము విడదీసి, గేరు మార్చి, మరల మెల్లగా కలుపవలెను. క్లచ్చి యెచ్చట పట్టుకొనునో పుస్తకము చెప్పజాలదు, అరికాలు చెప్పవలెను. ఆ అరికాలే లేనివారి గతి యేమి?

ఈ ప్రశ్న మా దుకాణమునకు మా లెక్కల పంతులుగారి రూపమున వచ్చినది. మేము అన్నదమ్ములమిద్దరమును ఈ పాఠశాలలో వారియొద్ద చదువుకొన్నవారమే. ఇప్పుడు పటమట కానుకొనియున్న జవహర్ ఆటోనగరులో ఒక లేతు, ఒక డ్రిల్లింగు యంత్రము పెట్టుకొని జీవించుచున్నాము. ఈ సంచికకు మా పనినిగూర్చి వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరిరి. పంతులుగారు తమ పేరు వ్రాయవద్దను షరతుమీద అనుమతించిరి. వారి శిష్యులకు పేరు చెప్పనక్కరలేదు.

మధుమేహ వ్యాధివలన పంతులుగారి ఎడమకాలు మోకాలి దిగువను తీసివేయవలసివచ్చినది. వారు ధైర్యవంతులు. కొలది నెలలలోనే జైపూరు పాదము తొడిగించుకొని వీధిలో నడువసాగిరి. 1968వ సంవత్సరప్రాంతమున జైపూరు నగరమున రామచంద్ర శర్మ అను శిల్పియు, డాక్టరు సేఠీగారును కలిసి రూపొందించిన ఈ రబ్బరు పాదము మన దేశమున ఎందరినో మరల నిలువబెట్టినది. దానితో పొలముగట్టుమీద నడువవచ్చును, బాసిపట్టు వేసికొని కూర్చుండవచ్చును. క్లచ్చి పట్టును మాత్రము అది మోకాలికి తెలియజేయదు. పంతులుగారు ఒకటిరెండుసార్లు ప్రయత్నించి, బండి గంతులువేసి ఆగిపోగా, తాళముచెవి బీరువాలో పెట్టివేసిరి.

ఆ బండి 1948వ సంవత్సరపు షెవ్రోలే. పంతులుగారి తండ్రిగారు వైద్యులు; కృష్ణా డెల్టాలోని పల్లెలకు రోగులను చూడబోవుట కీ బండిని వాడిరి. జనరల్ మోటార్సువారు 1928లో బొంబాయి శివడీలో కర్మాగారము స్థాపించి, పెట్టెలలో ఓడలమీద వచ్చిన భాగములను అచ్చట బిగించి బండ్లు చేసి అమ్మెడివారు. 1954లో దానిని మూసివేసిరి. మన ప్రాంతమున నేటికిని అక్కడక్కడ పాకలలో కనబడు ఆ నాటి షెవ్రోలేలలో ఆ దారిని వచ్చినవి కలవు.

అమెరికాలోనున్న పంతులుగారి కుమారుడు, "నాన్నగారూ, క్లచ్చి లేని కొత్త బండి యొకటి కొని పంపెదను, మీరు శ్రమపడవలదు" అని పలుమారులు చెప్పెనట. ఇది తెలివైన మాట. మేమును పంతులుగారితో అదియే చెప్పితిమి. కొత్త బండికి వేయవలసిన ఖర్చు, పాతదానిని మార్చు ఖర్చు లెక్కకట్టి చూపితిమి కూడ. లెక్కల పంతులుగారు కదా యని! వారు కాగితము చూచి, కూడిక సరిగానున్నదని మెచ్చుకొని, మడిచి జేబులో పెట్టుకొనిరి.

"బండి కావలెనన్నచో కొనవచ్చును, నాయనలారా. నాకు బండి కాదు, ఆ బండి నడపవలెనని యున్నది" అనిరి. పిదప కొంతసేపూరకుండి, "ఒక్క షరతు. నా కాలు కోసినారు. దానిది ఏదియు కోయవద్దు" అనిరి.

మాకీ షరతు మొదట కష్టముగా తోచినది. పాత బండిలో కొత్త గేరుపెట్టె పెట్టువారు సాధారణముగా అడ్డమువచ్చినదెల్ల గ్యాసుతో కోసి, వెల్డింగుతో అతికించి, రంగు పూయుదురు. ఆ పద్ధతిలో పని త్వరగా ముగియును. కాని ముందు తరమువారు బండిని తొలిరూపమునకు తేదలచినచో దారియుండదు. పంతులుగారి షరతున ఏ బోల్టు విప్పినను మరల బిగింపదగినట్లుండవలెను. బోల్టు లేనిచోట ఆగి ఆలోచింపవలెను. ఈ పనికి పదునాలుగు నెలలు పట్టుటకు సగము కారణ మిదియే.

ఇక ఇంజను సంగతి. పటమట పొలిమేరను బెంజి సర్కిలు కలదు. కలకత్తా చెన్నై రహదారియు, హైదరాబాదు మచిలీపట్టణము రహదారియు కలియు చోటు. ఆ పేరు విన్నప్పుడెల్ల మాకు, 1954 మొదలు టాటావారు జర్మనీదేశపు డైమ్లర్ బెంజివారితో కలిసి జంషెడ్‌పూరులో చేసిన లారీలు జ్ఞప్తికి వచ్చును. వాని డీజిలు ఇంజనులు ఆరు సిలిండర్లవి. ఆటోనగరులోని వృద్ధ మేస్త్రీలలో పలువురి చేయి ఆ ఇంజనులమీదనే తిరిగినది. కనుక ఆరు సిలిండర్ల వరుస మా వీధికి కొత్తది కాదు. షెవ్రోలేవారు 1929లోనే ఆరు సిలిండర్ల ఇంజనును తమ చౌక బండ్లలో పెట్టిరి. పంతులుగారి బండిలోనిది 1937లో వచ్చిన తరగతిది. 216 ఘనపుటంగుళముల పరిమాణము, అనగా సుమారు మూడున్నర లీటర్లు. 90 గుర్రముల బలము. ఇప్పటి చిన్న బండ్లు మూడవవంతు పరిమాణముతో అంత బలము చూపుచున్నవి, గాని వాని తొందర వేరు, దీని నెమ్మది వేరు.

ఆరు సిలిండర్లు ఒకే వరుసనున్న ఇంజనునకు ఒక సహజమైన గుణము కలదు. క్రాంకుషాఫ్టు ముందుసగమును వెనుకసగమును అద్దములో ప్రతిబింబమువలె నుండును. ఒకటవ పిస్టనుతో ఆరవది, రెండవదానితో అయిదవది, మూడవదానితో నాలుగవది జంటగా లేచి దిగును. మూడు జంటలును వృత్తమును మూడు సమభాగములు చేయుటచేత పిస్టనుల లాగుడుపోటు లన్నియు ఒకదానినొకటి కొట్టివేసికొని శేషము సున్న యగును. పంతులుగారు బీజగణితమున మాకు చూపిన సమీకరణములవలె! నిప్పు పుట్టు వరుస ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. ఇట్టి ఇంజను సొంతముగా తూకములోనున్నది కావున, దాని వెనుక క్రొత్తగా బిగించు చక్రమును విడిగా తూచి సరిచేసిన చాలును. ఇది మా అదృష్టము.

అదృష్టము కానిదియు ఒకటి కలదు. ఈ ఇంజనులో కనెక్టింగు రాడ్ల బేరింగులకు నూనె ఒత్తిడితో పోదు. రాడ్ల అడుగున చిన్న గరిటెలవంటివి యుండి, తిరుగునప్పుడు నూనెను తామే అందుకొనును. బేరింగులును పోతపోసిన మెత్తని తెల్లలోహమువి. కావున ఇంజనును మితిమించి పరుగెత్తింపరాదు. నిమిషమునకు మూడువేల చుట్లు దాటకుండ చూచుకొనుట మంచిది. ఈ మాట చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు దీనితో పనియున్నది.

పంతులుగారి కుమారుడు తండ్రి పట్టుదల తెలిసికొని, అమెరికాలో వాడిన గేరుపెట్టె యొకటి కొని ఓడలో పంపెను. అది షెవ్రోలేవారి సొంత సంస్థయైన జనరల్ మోటార్సువారు 1969లో తెచ్చిన టర్బో హైడ్రమాటిక్ 350 అనునది. మూడు గేర్లు. బరువు ఏబదికిలోలకు పైన. దీనికి విద్యుత్తుతో పనిలేదు, కంప్యూటరుతో అసలే పనిలేదు. ఎప్పు డే గేరు పడవలెనో నూనె ఒత్తిడియే నిర్ణయించును. ఆరు ఓల్టుల బ్యాటరీగల పాత బండికి ఇంతకన్న తగినది మాకు తోచలేదు. షెవ్రోలేవారు 1950లో తమ బండ్లకు పవర్‌గ్లైడు అను రెండు గేర్ల స్వయంచాలక పెట్టెను తెచ్చిన మాట నిజమే; దాని వంశము దీనికి మరింత దగ్గర. కాని అది 235 ఘనపుటంగుళముల పెద్ద ఇంజనునకు జతగా వచ్చినది. పంతులుగారు తండ్రిగారి ఇంజనును విడువరు.

క్లచ్చి లేకుండ ఇంజను చక్రములను తిప్పుట యెట్లో పిల్లలకు చెప్పవలెను. 1905లో జర్మనీదేశమున హెర్మన్ ఫోటింగర్ అను ఇంజనీరు ఓడల టర్బైనుల కొరకు దీనిని కనుగొనెను. నూనెతో నిండిన గుండ్రని డబ్బాలో రెండు రెక్కల చక్రము లెదురెదురుగా నుండును. ఒకటి ఇంజనుతో తిరుగుచు నూనెను చిమ్మును. ఆ నూనె రెండవదాని రెక్కలను కొట్టి దానిని తిప్పును. రెంటిని కలుపు ఇనుము లేదు. మధ్య నున్నది నూనెయే. బండి నిలిచియున్నప్పుడు ఒకటి తిరుగును, రెండవది ఆగియుండును, ఇంజను ఆగదు. ఇంతవరకు సులభము. అసలు తెలివి మూడవ చక్రములో నున్నది. రెండవ చక్రమును కొట్టి వెనుకకు వచ్చు నూనె మొదటిదానికి ఎదురుతిరిగి దాని పరుగును చెరచును. కాలువ మలుపున రాతిగోడ కట్టి నీటిని దారి మళ్లించినట్లు, నడుమ నొక కదలని రెక్కల చక్రమునుంచి ఆ నూనెను తిన్నని దారికి మరలించిరి. అప్పుడది అడ్డుపడుటకు మారుగా మొదటి చక్రమునకు సాయపడును. బండి కదలునప్పుడు ఇంజను త్రిప్పుబలము సుమారు రెట్టింపగుట కిదియే కారణము. వేగము వచ్చిన పిమ్మట ఈ మూడవదియు మిగిలినవానితో కూడ తిరుగును. ఈ డబ్బానే టార్క్ కన్వర్టరు అందురు.

పని మొదలుపెట్టుటకు ముందు కాగితముల సంగతి చూడవలసివచ్చినది. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని యజమాని తన ఇష్టప్రకారము మార్చుటకు వీలులేదు. అయితే అంగవైకల్యము గలవారి ఉపయోగమునకై మార్చిన బండికి ఆ చట్టమే దారి చూపుచున్నది; 2019వ సంవత్సరపు సవరణలో అట్టి అనుకూల వాహనమునకు ప్రత్యేకముగా నిర్వచనము చేర్చిరి. ఇక 2021 జూలైలో కేంద్రప్రభుత్వమువారు ఏబది సంవత్సరములు దాటిన బండ్లకు వేరు నియమములు చేసిరి. చట్రము, పైతొడుగు, ఇంజను మార్పక తొలిరూపమున కాపాడిన బండిని వింటేజి బండిగా నమోదు చేయించుకొనవచ్చును. రుసుము ఇరువదివేల రూపాయలు, గడువు పది సంవత్సరములు. అది గౌరవమే, కాని ఆ గౌరవము పొందిన బండిని దినదినము రోడ్డుమీద నడుపరాదు; ప్రదర్శనలకు, పోటీలకు, మరమ్మతులకు మాత్రమే.

ఇచ్చట పంతులుగారి యింట తర్జనభర్జన జరిగినది. బంధువు లొకరు, బండిని వింటేజిగా నమోదుచేసి వరండాలో నిలుపుట మేలని వాదించిరి. తండ్రిగారి జ్ఞాపకము చెడకుండుననిరి. అందు సత్యము లేకపోలేదు. మేము పూర్తిగా ఒక పక్షమున నిలువలేకపోతిమి. ఎవరును నడపని బండి రబ్బరు ఎండి, నూనె గడ్డకట్టి, ఎలుకలు తీగలు కొరికి చచ్చుటను మేము అనేకసార్లు చూచినవారము. నడుపుచున్న బండి గుద్దుకొని చచ్చుటను కూడ చూచినవారమే. పంతులుగారు విని, "మా నాన్నగారు దీనిని వరండాలో నిలుపుటకు కొనలేదు" అని లేచిపోయిరి. రవాణా కార్యాలయమున వైద్యుని పత్రముతో దరఖాస్తు పెట్టి, వారి అనుమతి వచ్చిన పిమ్మటనే మేము మొదటి బోల్టు విప్పితిమి.

ఇంజనునకును గేరుపెట్టెకును నడుమ బెల్ హౌసింగు అను గంటవంటి గూడు ఉండును. పాత షెవ్రోలేలో ఈ గూడు మూడు పనులు చేయును. గేరుపెట్టెను పట్టుకొనును. స్టార్టరు మోటారును మోయును. అంతియకాక ఇంజను వెనుకభాగపు బరువంతయు దాని రెండు భుజములమీదుగానే చట్రమునకు దిగును. కొత్త గేరుపెట్టెకు గూడు దానితోనే కలిసి పోతపోయబడియున్నది. దాని బోల్టుల వరుస వేరు. పాత గూడు తీసివేసినంతనే ఇంజను వెనుక ఆధారము లేదు, స్టార్టరునకు చోటు లేదు, గేరుపెట్టెకు పట్టు లేదు. ఈ మూటికిని సమాధానముగా నొక పలక చేయవలెను. మేము ముప్పాతిక అంగుళము మందముగల అల్యూమినియము పలక తీసికొంటిమి. దానికి ఒకవైపు ఇంజను రంధ్రములు, రెండవవైపు గేరుపెట్టె రంధ్రములు, ప్రక్కను స్టార్టరు పీట. చట్రమునకు పాత రంధ్రములలోనే బోల్టులు పట్టునట్లు ఒక అడ్డదూలము చేసి, రబ్బరు దిమ్మలమీద గేరుపెట్టెను కూర్చుండబెట్టితిమి.

రంధ్రములు తొలుచుట పెద్దపని కాదు. క్రాంకుషాఫ్టు నడిమిగీతయు, గేరుపెట్టె నడిమిగీతయు ఒకటే కావలెను, అదియే పని. ఈ రెండును కొంచెము తప్పినను, ఇంజను తిరిగినప్పుడెల్ల కన్వర్టరు మెడ ఒకప్రక్కకు రాచుకొని, నూనెపంపును అరుగదీయును. వంద మైళ్లవరకు ఏమియు తెలియదు. ఒకనాడు గేరుపెట్టె ముందునుండి నూనె కారును, పిమ్మట పంపు పగులును. మా వీధిలో లేతు మేస్త్రీలు అంగుళములో వెయ్యవ వంతును థౌ అందురు. తలవెండ్రుక మందము సుమారు మూడు థౌలు. ఈ పనిలో సూది ఒక చుట్టు తిరుగునప్పటికి అయిదు థౌలకు మించి కదలరాదని మేము పెట్టుకొన్న హద్దు.

కొలుచుట యిట్లు. గేరుపెట్టెలోని నూనెపంపును విప్పి తీసివేసిన, దాని స్థానమున గుండ్రని గుంట మిగులును. ఉత్త పెట్టెను పలకకు బిగించి, డయలు గేజిని క్రాంకుషాఫ్టు చివర నిలిపి, దాని మొనను ఆ గుంట గోడకు తాకించితిమి. స్పార్కు ప్లగ్గులన్నియు తీసి ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పుచుండగా, గేజి ముల్లు ముందుకు వెనుకకు కదలును. కదలిక మొత్తము ఎంతయో, తప్పు అందులో సగము. పలకయందలి గేరుపెట్టె రంధ్రములను ముందే కొంచెము వదులుగా ఉంచితిమి గనుక, పెట్టెను రాగి సుత్తితో మెల్లగా తట్టి జరుపుచు, మరల త్రిప్పుచు, మరల చూచుచు ఒక దినమంతయు గడపితిమి. మొదట పదునెనిమిది థౌలు. మధ్యాహ్నమునకు పదకొండు. తట్టిన దెబ్బకు ఒకప్రక్క తగ్గి వేరొకప్రక్క పెరుగును. ఆటోనగరులో సాయంకాలము లారీలు కదలనారంభించిన నేల అదరి ముల్లు నిలువదు. రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట నాలుగు థౌలయొద్ద నిలిచినది. అప్పుడే పలకకును పెట్టెకును కలిపి రెండు రంధ్రములు తొలిచి, సన్నని ఉక్కు మేకులు దిగగొట్టితిమి. ఇక ఎన్నిసార్లు విప్పినను పెట్టె అదే స్థానమునకు వచ్చును. పంతులుగారు ఆ రాత్రి కుర్చీ వేసికొని ప్రక్కనే కూర్చుండిరి. ముల్లు కదలికను తమ చీటీలో వ్రాసికొని, తట్టిన దిక్కునుబట్టి తరువాతి తట్టు ఎచ్చటనో కోణముతో సహా చెప్పుచుండిరి. ఆ సాయము లేనిచో మాకు రెండవ దినము పట్టెడిది.

బరువైన ఫ్లయివీలు స్థానమున పలుచని ఉక్కు బిళ్ల వచ్చును. కన్వర్టరు వేడెక్కి ఉబ్బినప్పుడు అది వంగి చోటిచ్చును. పాత స్టార్టరు పండ్లకు సరిపడు పండ్లచక్రము దానిచుట్టు ఉండవలెను. పాత ఫ్లయివీలునుండి తీయుటకు షరతు అడ్డము గనుక, పాత ఇనుము దుకాణములలో వెదకి అదే తరగతి పగిలిన ఫ్లయివీలు సంపాదించి, దాని పండ్లచక్రమును ఎర్రబారకుండ కాచి ఊడదీసి, కొత్త బిళ్లకు తొడిగితిమి. కన్వర్టరును గేరుపెట్టెలోనికి పూర్తిగా త్రోసినప్పుడు, దానికిని బిళ్లకును మధ్య అంగుళములో ఎనిమిదవవంతునకు తక్కువ కాకుండ సందుండవలెను. ఆ సందు లేక బోల్టులు బలవంతముగా బిగించినవారి పంపులు మొదటి నిమిషముననే ముక్కలగుట ఆటోనగరున అందరికిని తెలిసిన కథ.

వెనుకభాగమున మరియొక చిక్కు. ఈ బండిలో ప్రొపెల్లరు షాఫ్టు బయటికి కనబడదు. గట్టి గొట్టములో దాగియుండును. వెనుక చక్రములు నేలను తన్ని బండిని త్రోయు బలమంతయు ఆ గొట్టము ద్వారానే గేరుపెట్టెకు వచ్చి, చట్రమునకు చేరును. షెవ్రోలేవారు 1955లో గాని తమ కార్లలో ఈ పద్ధతి మానలేదు. కొత్త గేరుపెట్టె ఇట్టి తోపును మోయుటకు చేయబడినది కాదు. కావున గొట్టముతోసహా పాత ఇరుసును దింపి, వెడల్పును నిష్పత్తియు దగ్గరగా సరిపోవు వేరొక ఇరుసునకు కమాను పీటలు అతికించి పెట్టితిమి. ఇప్పుడా తోపును కమానుకట్టలే మోయుచున్నవి. అతుకు పడినది కొత్త ఇరుసునకే, పాతదానిని తాకలేదు.

గేర్లు ఎప్పుడు మారవలెనో నిర్ణయించునవి రెండు. చక్రముల వేగమునుబట్టి తిరుగు గవర్నరు ఒకటి. ఇంజను పీల్చు శూన్యతనుబట్టి పనిచేయు పొర రెండవది. పంతులుగారి బండిలో గేరుమార్పునకు సాయముగా శూన్యతతో పనిచేయు సాధనము 1948 నాటికే యుండుటచేత, ఆ గొట్టమునే కొత్త పొరకు కలిపితిమి. గవర్నరు మాత్రము పెద్ద ఇంజనుల కొరకు అమర్చబడినది. అది గేరు మార్చువరకు మన ముసలి ఇంజను గరిటెలతో నూనె త్రాగుచు ప్రాణములు విడుచును. గవర్నరునకు బరువులు చేర్చిన అది త్వరగా మేల్కొనును. ఉదయము నాలుగు గంటలకు బందరు రోడ్డున కానూరు, పోరంకి, పెనమలూరు దాటి కంకిపాడువరకు పోయి వచ్చి, బరువు మార్చి, మరునా డుదయము మరల పోయి, పదునొకండు ఉదయములు ఈ పనిచేసితిమి. తుదకు వేగపు పెడలు పూర్తిగా త్రొక్కినను మొదటి గేరు గంటకు ఇరువదినాలుగు మైళ్లయొద్ద, రెండవది నలుబదియొద్ద వదలునట్లు కుదిరినది. రెండు చోటులను ఇంజను చుట్లు మూడువేలకు లోపలనే.

రోహిణి కార్తెలో విజయవాడ ఎండ సంగతి చెప్పనక్కరలేదు. కన్వర్టరులో నూనె తనలో తాను మథింపబడి వేడెక్కును గనుక, రేడియేటరు ముందు చిన్న చల్లార్చు జాలి పెట్టితిమి. స్టార్టరునకు ఈ బండిలో కాలితో త్రొక్కు పెడలున్నది. గేరు పడియుండగా దానిని త్రొక్కినచో క్లచ్చి లేని బండి ఎదుటివారిమీదికి ఉరుకును. కావున గేరు కొమ్మకొక ఇనుపకడ్డీ కలిపి, గేరు విడిచిన స్థానమున తప్ప పెడలు దిగకుండ కొక్కెము చేసితిమి. మా పనియంతటిలోను పంతులుగారికి ఎక్కువ నచ్చినది ఈ కొక్కెమే. మాకు పలక.

మొదటి దినము పంతులుగారు స్టీరింగు ముందు కూర్చుండినప్పుడు వారి శ్రీమతిగారు వెనుకసీటులో కూర్చుండి కండ్లు మూసికొనిరి. పంతులుగారు కొమ్మను లాగి, బ్రేకు వదలిరి. బండి చప్పుడులేకుండ కదలినది. పటమట సందు చివర బ్రేకు వేయవలసివచ్చినప్పుడు వారి ఎడమ మోకాలు తానంతట తాను లేచి, రబ్బరు పాదము నేలను ఠక్కున తన్నినది. అచ్చట పెడలు లేదు. దానిని విప్పి నూనెగుడ్డలో చుట్టి ఇచ్చివేసితిమి. "నలువది యేండ్ల అలవాటు, నాయనా, అది నాతో అడిగి చేయదు" అనిరి. ఇప్పటికిని రద్దీలో ఒక్కొక్కసారి తన్నుచునే యున్నారట.

పాత గేరుపెట్టె, బెల్ హౌసింగు, ఫ్లయివీలు, గొట్టముతో కూడిన ఇరుసు, క్లచ్చి పెడలు, అన్నిటికిని గ్రీసు పూసి గోనెపట్టలు చుట్టి పంతులుగారి వరండాలో వరుసగా పెట్టియున్నవి. ప్రతిదానికి వారి గుండ్రని చేవ్రాతతో చీటీ, బోల్టుల లెక్కతో సహా.

ఒక్క నష్టము మాత్రము తప్పలేదు. ఈ గేరుపెట్టెలో నూనెపంపు ఇంజను తిరిగినగాని తిరుగదు. కావున బ్యాటరీ దిగిపోయినప్పుడు బండిని వెనుకనుండి త్రోసి నడపించుట యిక సాధ్యముకాదు. పాఠశాల గేటుముందర ఆ బండిని త్రోసి, ఇంజను అందుకొనగానే కేకలువేసి, ఆదివారము దానిలో ఎక్కించుకొందురను ఆశతో చేతులు దులుపుకొన్న విద్యార్థులు నలువది యేండ్లుగా ఎందరో కలరు, మేమును అందులోనివారమే. పంతులుగారు ఇప్పుడు ప్రతి శనివారము సాయంకాలము బ్యాటరీ కొలిచి, నీరు పోసి, అంకె చీటీలో వ్రాసి, ఆదివారము ఉదయము ఎనిమిదింటికి శ్రీమతిగారితో ప్రార్థనకు బయలుదేరుదురు.